ఆ డేటా ఎవరైనా చూశారా? ఒక మెడికల్ పేపర్ నేర్పిన పాఠం

ఫైనల్ ఇయర్ రాగానే మనలో చాలామందికి ఎదురయ్యే ప్రశ్న: "పేపర్ ఏమైనా పబ్లిష్ చేశావా?" మనకు పేపర్ అంటే రెజ్యూమెలో ఒక లైను. వైద్యరంగంలో వ్యవహారం అంత తేలిగ్గా ఉండదు. ఒక జర్నల్‌లో అచ్చయిన లెక్క చూసి ఎక్కడో ఒక డాక్టరు గారు ఒక మందు రాస్తారు, లేదా రాయడం మానేస్తారు. ఆ మందు వేసుకునేది మన ఇంట్లోవాళ్లే కావచ్చు. అందుకే మెడికల్ జర్నళ్లు 'పబ్లికేషన్ ఎథిక్స్' పేరుతో కొన్ని నియమాలు పెట్టుకున్నాయి. ప్రచురణ నీతి అనుకుందాం.

ఆ నియమాలను సిలబస్‌లా వరసగా చదివితే నిద్రొస్తుంది. అవి తప్పినప్పుడు ఏం జరుగుతుందో చూస్తే మాత్రం బుర్రలో నిలిచిపోతాయి. డేటాతో పనిచేసే మనలాంటివాళ్లకు బాగా పనికొచ్చే కేసు ఒకటి 2020లో జరిగింది. ముందు అది చూద్దాం.

పదమూడు రోజుల్లో ఏం జరిగింది?

కోవిడ్ మొదటి వేవ్ రోజులు గుర్తున్నాయి కదా. అప్పుడు అందరి నోటా ఒకే మందు పేరు: హైడ్రాక్సీక్లోరోక్విన్. మలేరియాకు, కీళ్లవాతానికి ఎప్పటినుంచో వాడుతున్న మందు. మన దేశంలో ఐసీఎంఆర్ దాన్ని ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా ఇవ్వమంది. అమెరికా మన దగ్గర్నుంచి దిగుమతి చేసుకుంది. అయితే అది కోవిడ్‌కు పనిచేస్తుందా లేదా అన్నది మాత్రం అప్పటికి ఎవరికీ గట్టిగా తెలియదు.

అలాంటి సమయంలో, 2020 మే 22న, 'ది లాన్సెట్'లో ఒక పేపర్ వచ్చింది. 1823 నుంచి నడుస్తున్న జర్నల్ అది. ప్రపంచంలో డాక్టర్లు ఎక్కువగా నమ్మే జర్నళ్లలో ఒకటి. పేపర్‌లోని అంకెలు చూస్తే ఎవరికైనా కళ్లు తిరుగుతాయి: ఆరు ఖండాలు, 671 ఆస్పత్రులు, 96,032 మంది రోగులు. ఈ మందు తీసుకోని గుంపులో 9.3 శాతం మంది చనిపోతే, హైడ్రాక్సీక్లోరోక్విన్ ఒక్కటే తీసుకున్న గుంపులో 18 శాతం మంది చనిపోయారని లెక్క. వయసు, ఇతర జబ్బులు లాంటివి సరిచేసి చూసినా ముప్పు ఎక్కువగానే ఉందని, గుండె లయ కూడా దెబ్బతింటోందని తేల్చారు.

ఫలితం వెంటనే కనిపించింది. మే 25న ప్రపంచ ఆరోగ్య సంస్థ తన 'సాలిడారిటీ' ట్రయల్‌లో ఈ మందు పరీక్షను తాత్కాలికంగా ఆపేసింది. ఫ్రాన్స్ ప్రభుత్వం కోవిడ్ రోగులకు ఈ మందు ఇవ్వడానికి ఉన్న అనుమతిని రద్దు చేసింది. ఒక్క పేపర్, ఒక్క వారం!

ఈ డేటా ఎక్కడిది? సర్జిస్ఫియర్ అనే ఒక చిన్న అమెరికన్ కంపెనీది. ప్రపంచవ్యాప్తంగా ఆస్పత్రుల ఎలక్ట్రానిక్ రికార్డులు తమ డేటాబేస్‌లోకి వస్తాయని ఆ కంపెనీ చెప్పుకుంది. పేపర్‌పై నాలుగు పేర్లున్నాయి. అందులో ఒకాయన ఆ కంపెనీ అధిపతే. మిగతా ముగ్గురూ పేరున్న వైద్య పరిశోధకులు.

పేపర్ వచ్చిన వారంలోపే వంద మందికి పైగా శాస్త్రవేత్తలు సంతకాలు చేసి లాన్సెట్‌కు బహిరంగ లేఖ రాశారు. సర్జిస్ఫియర్ డేటాను స్వతంత్ర ఆడిటర్లకు చూపించమని అడిగితే, ఆస్పత్రులతో ఒప్పందాలున్నాయి, ఇవ్వలేం అంది. చివరికి జూన్ 4న మిగతా ముగ్గురు రచయితలూ పేపర్‌ను వెనక్కి తీసుకున్నారు. డేటా నిజమేనని ఇక మేం హామీ ఇవ్వలేం అన్నది వాళ్లు చెప్పిన కారణం. అదే రోజు 'న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్' కూడా ఇదే కంపెనీ డేటాతో మే 1న అచ్చువేసిన ఇంకో పేపర్‌ను ఉపసంహరించింది. అందులో 8,910 మంది రోగుల లెక్కలున్నాయి.

దొరికిపోయింది ఎక్కడ?

మనలాంటివాళ్లం తప్పక చదవాల్సిన భాగం ఇదే. ఎందుకంటే దీన్ని పట్టుకోవడానికి పెద్ద స్టాటిస్టిక్స్ అక్కర్లేకపోయింది.

మొదటిది ఆస్ట్రేలియా లెక్క. తమ ఆస్ట్రేలియా ఆస్పత్రుల్లో ఏప్రిల్ మూడో వారంలోపు 73 మంది చనిపోయారని డేటా చెప్పింది. ఏప్రిల్ 21 నాటికి ఆ దేశం మొత్తం మీద నమోదైన కోవిడ్ మరణాలే 67! క్లాసులో ఉన్నదే 67 మంది అయితే 73 మంది పాసయ్యారని రిజల్ట్ ఇచ్చినట్టుంది. ప్రశ్నలు వచ్చాక, ఆసియాలోని ఒక ఆస్పత్రిని పొరపాటున ఆస్ట్రేలియా కింద చేర్చామని సవరణ ఇచ్చారు.

రెండోది ఆఫ్రికా లెక్క. ఈ డేటా నిజమైతే, ఆ ఖండం మొత్తంలో అప్పటికి నమోదైన కేసుల్లో దాదాపు 25 శాతం, మరణాల్లో 40 శాతం ఈ ఒక్క కంపెనీతో సంబంధమున్న ఆస్పత్రుల్లోనే జరిగి ఉండాలి. పైగా ఆ ఆస్పత్రులన్నింటిలో రోగి గుండె లయ వివరాలు కూడా ఎక్కించేంత మంచి ఎలక్ట్రానిక్ రికార్డులు ఉండాలి. నమ్మడం కష్టం అని లేఖ రాసినవాళ్లు తేల్చి చెప్పారు.

మూడోది అన్నిటికన్నా సూక్ష్మమైనది. పొగతాగే అలవాటు, ఊబకాయం లాంటివి ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటాయి. ఈ డేటాలో మాత్రం ఖండం మారినా ఆ సగటులు పెద్దగా మారలేదు. ల్యాబ్‌లో మన రీడింగులు మరీ నున్నగా గ్రాఫ్ మీద కూర్చుంటే సారు ఒకసారి తలెత్తి చూస్తారు కదా, అదే అనుమానం.

మరి పీర్ రివ్యూ ఏం చేసింది?

"అంత పెద్ద జర్నల్ కదా, చెక్ చేయరా?" అని మీకు అనిపించవచ్చు. చేస్తారు. పీర్ రివ్యూ అంటే అదే రంగంలోని నిపుణులు ప్రచురణకు ముందు పేపర్ చదివి లోపాలు చెప్పడం. సాధారణంగా దీనికి డబ్బులేమీ ఇవ్వరు. వాళ్ల చేతికి వచ్చేది రాసిన పేపరే. రోగుల అసలు రికార్డులు మామూలుగా రావు. మన ఆన్సర్ షీట్ దిద్దే ఎగ్జామినర్‌కు స్టెప్పులు కనిపిస్తాయి, ఎక్స్‌పెరిమెంట్ నిజంగా చేశామా లేదా అన్నది కనిపించదు. పీర్ రివ్యూ పరిస్థితీ అంతే. పద్ధతిలో తప్పుంటే పట్టుకోగలదు. పునాదే అబద్ధమైతే చాలాసార్లు తెలియదు.

అందుకే ఈ వ్యవస్థ మొత్తం ఒక నమ్మకం మీద నిలబడి ఉంది. పేపర్ మీద పేరున్నవాడు ఆ పనికి హామీ ఉన్నట్టే అన్నది ఆ నమ్మకం. సర్జిస్ఫియర్ కేసులో కూలిపోయింది అదే. ముగ్గురు పెద్ద పరిశోధకుల పేర్లు చూసి లోకం నమ్మింది. ఆ ముగ్గురు కంపెనీని నమ్మారు. అసలు డేటాను కంపెనీ బయట ఎవరూ చూడలేదు.

"చివరికి ఆన్సర్ కరెక్టే కదా!"

ఇక్కడో మెలిక ఉంది. జూన్ 3న ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆపిన పరీక్షను మళ్లీ మొదలుపెట్టింది. జూన్ 5న బ్రిటన్‌లో జరిగిన 'రికవరీ' ట్రయల్ తన ఫలితం చెప్పింది: ఆస్పత్రిలో చేరిన కోవిడ్ రోగులకు హైడ్రాక్సీక్లోరోక్విన్ వల్ల ప్రయోజనం లేదు. అంటే ఆ మందు మీద పెట్టుకున్న ఆశ నిలవలేదు. "అలాంటప్పుడు ఆ పేపర్ వల్ల నష్టమేముంది?" అని ఎవరైనా అడగొచ్చు.

నష్టం ఉంది. రికవరీ వాళ్లు ఆ మాట చెప్పగలిగింది వేలాది రోగులను లాటరీ పద్ధతిలో రెండు గుంపులుగా విడదీసి, జాగ్రత్తగా గమనించి. అదే ప్రశ్న మీద జరుగుతున్న నిజమైన పరీక్షలను ఈ పేపర్ కొన్ని రోజులపాటు ఆపించింది. మహమ్మారి మధ్యలో అవి విలువైన రోజులు. దానికి తోడు, మందుకు అనుకూలంగానో వ్యతిరేకంగానో అప్పటికే రాజకీయంగా చీలిపోయిన జనానికి "చూశారా, జర్నళ్లన్నీ ఇంతే" అనే మాట దొరికింది. స్టెప్పులు లేకుండా ఆన్సర్ కలిసినా మార్కులు వేయరు. వైద్యంలో ఆ నియమం ఇంకా గట్టిగా ఉండాలి, ఎందుకంటే తర్వాతిసారి ఆన్సర్ కలవకపోవచ్చు.

పన్నెండేళ్లు పట్టిన ఇంకో కేసు

పదమూడు రోజుల్లో తప్పు బయటపడటం అదృష్టమే. 1998 ఫిబ్రవరిలో అదే లాన్సెట్‌లో ఆండ్రూ వేక్‌ఫీల్డ్, మరో 12 మంది కలిసి 12 మంది పిల్లల మీద ఒక పేపర్ అచ్చువేశారు. తట్టు, గవదబిళ్లలు, రుబెల్లాకు కలిపి ఇచ్చే ఎంఎంఆర్ టీకాకు, ఆటిజానికి సంబంధం ఉందేమో అన్న అనుమానం దాంతో పాకింది. టీకా కంపెనీల మీద కేసు నడుపుతున్న లాయర్ల నుంచి వేక్‌ఫీల్డ్‌కు డబ్బు అందుతోందన్న సంగతి పేపర్‌లో లేదు. బ్రయాన్ డీర్ అనే జర్నలిస్టు 2004లో దాన్ని బయటపెట్టాడు. ఆ ఏడాదే పదిమంది సహరచయితలు పేపర్‌లోని వ్యాఖ్యానం నుంచి తప్పుకున్నారు. పేపర్ పూర్తిగా రద్దయింది మాత్రం 2010 ఫిబ్రవరిలో. ఈలోపు ఇంగ్లండ్‌లో ఎంఎంఆర్ టీకా వేయించుకునే పిల్లలు దాదాపు 92 శాతం నుంచి 80 శాతానికి పడిపోయారు. తట్టు మళ్లీ తిరిగొచ్చింది. ఆ పుకారు ఇప్పటికీ వాట్సాప్ గ్రూపుల్లో తిరుగుతూనే ఉంది.

ఇప్పుడు నియమాలు చూద్దాం

ఈ రెండు కేసులూ మనసులో పెట్టుకుంటే కింది నియమాలు ఎందుకున్నాయో విడిగా చెప్పక్కర్లేదు.

1. రచయిత ఎవరు? మెడికల్ జర్నళ్ల ఎడిటర్ల అంతర్జాతీయ కమిటీ నాలుగు షరతులు పెట్టింది. పనిలో గణనీయమైన పాత్ర ఉండాలి. రాయడంలోనో, విషయపరంగా దిద్దడంలోనో పాలుపంచుకోవాలి. తుది ప్రతిని చదివి ఒప్పుకోవాలి. రేపు ప్రశ్న వస్తే జవాబుదారీగా నిలబడాలి. ఈ నాలుగూ కలిస్తేనే రచయిత. నిధులు తెచ్చిచ్చినందుకో, విభాగాధిపతి అయినందుకో పేరు పెట్టకూడదు. అలాంటివారికి కృతజ్ఞతల్లో చోటుంది. చాట్‌జీపీటీ లాంటి ఏఐ టూల్స్‌ను రచయితగా పెట్టకూడదన్నది కూడా ఈ నాలుగో షరతు వల్లే. వాడితే మాత్రం వాడామని చెప్పాలి.

2. డబ్బు ఎక్కడిది? నిధులు, కన్సల్టెన్సీ, షేర్లు, పేటెంట్లు, ఏ ప్రయోజనం ఉన్నా పాఠకుడికి ముందే చెప్పాలి. చెప్పినంత మాత్రాన పేపర్ చెడ్డదైపోదు. దాస్తేనే చిక్కు.

3. రోగి ఒప్పుకున్నాడా? మనుషుల మీద చేసే పరిశోధనకు ఎథిక్స్ కమిటీ అనుమతి, రోగి సమ్మతి తప్పనిసరి. 1964 నాటి హెల్సింకి ప్రకటన దీనికి పునాది.

4. ట్రయల్ ముందే రిజిస్టర్ చేశారా? మంచి ఫలితం వస్తే అచ్చువేసి, రాకపోతే బీరువాలో పెట్టేయడం ఒకప్పుడు మామూలే. అందుకే 2005 నుంచి ఆ ఎడిటర్ల కమిటీ ముందస్తు రిజిస్ట్రేషన్‌ను షరతు చేసింది. మన దేశంలో సీటీఆర్ఐ అనే రిజిస్ట్రీ 2007లో మొదలైంది. 2009 జూన్ నుంచి క్లినికల్ ట్రయల్స్‌కు అది తప్పనిసరి.

5. తప్పు బయటపడితే? చిన్నదైతే సవరణ. అనుమానం బలంగా ఉండి విచారణ నడుస్తుంటే ఆందోళన ప్రకటన. ఫలితాలనే నమ్మలేకపోతే రిట్రాక్షన్, అంటే ఉపసంహరణ. రిట్రాక్షన్ అయిన పేపర్‌ను మాయం చేయరు, దాని మీద గుర్తువేసి కారణం రాస్తారు. ఇలాంటి విషయాల్లో ఎడిటర్లకు దారి చూపే సంస్థ 'కోప్' 1997లో పుట్టింది.

సర్జిస్ఫియర్ తర్వాత లాన్సెట్ తన నియమం మార్చింది. కనీసం ఇద్దరు రచయితలు డేటాను స్వయంగా చూసి సరిచూశామని సంతకం పెట్టాలి. కంపెనీతో కలిసి చేసిన పనైతే, అందులో ఒకరు యూనివర్సిటీ వైపువారై ఉండాలి.

మనకేంటి సంబంధం?

ఇదంతా లండన్, అమెరికా గొడవ అనుకోకండి. హైదరాబాద్ కేంద్రంగా మెడికల్ జర్నళ్లతో సహా వందల జర్నళ్లు నడిపిన ఓమిక్స్ సంస్థ మీద అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ 2016లో కేసు వేసింది. పీర్ రివ్యూ గురించి తప్పుదోవ పట్టించే మాటలు చెప్పారని, ఫీజు సంగతి ముందుగా సరిగా చెప్పలేదని ఆరోపణలు. 2019 మార్చిలో అక్కడి కోర్టు 5 కోట్ల డాలర్లకు పైగా కట్టమని తీర్పిచ్చింది. "రెండు రోజుల్లో యాక్సెప్టెన్స్, ఫీజు ఇంత" అని మన మెయిల్‌కు వచ్చే ఆహ్వానాలను ఈ కళ్లతో చూడండి.

పైగా మనలో చాలామంది రేపు హెల్త్ డేటా మీదే పనిచేస్తారు. ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే మోడల్, షుగర్ అంచనా వేసే యాప్, ఇవన్నీ మన బ్యాచుల్లో ఇప్పటికే ప్రాజెక్టులు. డేటాసెట్ డౌన్‌లోడ్ చేస్తాం, మోడల్ నడుపుతాం, అక్యురసీ వస్తుంది, పేపర్ రాసేస్తాం. నలుగురి బ్యాచ్‌లో ఒకడు చేస్తే నలుగురి పేర్లూ పడతాయి. కాబట్టి పేరు పెట్టేముందు ఈ నాలుగు ప్రశ్నలు వేసుకుంటే చాలు:

- ఈ డేటా ఎవరు, ఎక్కడ, ఎవరి అనుమతితో సేకరించారో నాకు తెలుసా?
- అసలు ఫైలు తెరిచి, మొత్తాలను బయటి లెక్కలతో పోల్చి చూశానా?
- ఇందులో నేను చేసిన పని ఏమిటో రెండు వాక్యాల్లో చెప్పగలనా?
- రేపు ఎవరైనా మెయిల్ పెట్టి అడిగితే జవాబు చెప్పేది నేనేనా?

ఒక చిన్న పని ఈరోజే చేయొచ్చు. రిట్రాక్ట్ అయిన పేపర్లను కూడా జనం ఏళ్ల తరబడి రిఫరెన్సుల్లో వాడుతూనే ఉంటారు. 'రిట్రాక్షన్ వాచ్' డేటాబేస్ 2023 నుంచి అందరికీ ఉచితం. జొటెరో వాడేవాళ్లకు అలాంటి పేపర్ లైబ్రరీలో ఉంటే అదే హెచ్చరిక చూపిస్తుంది. మీ ప్రాజెక్టు రిపోర్టులోని రిఫరెన్సులను ఒకసారి అందులో వెతికి చూడండి. పది నిమిషాల పని. ఒకటి దొరికినా, గైడ్‌గారికి చెప్పి సబ్మిషన్ లోపు మార్చేయొచ్చు.