సమీకరణాలతో కెరీర్: కంప్యూటర్ ఆల్జీబ్రా నేర్చుకుంటే...

1991లో నార్వే గణితవేత్తలు ఎలింగ్స్‌రూడ్, స్ట్రోమె ఒక పెద్ద లెక్క తేల్చారు. క్వింటిక్ త్రీఫోల్డ్ అనే ఐదో డిగ్రీ రూపం మీద మూడో డిగ్రీ రేషనల్ వక్రాలు ఎన్ని ఉంటాయన్నది ప్రశ్న. వాళ్ల కంప్యూటర్ ప్రోగ్రామ్ ఇచ్చిన జవాబు 268,25,49,425. స్ట్రింగ్ థియరీ వైపు నుంచి వచ్చిన కాండెలాస్ బృందం మాత్రం 31,72,06,375 అంది. భౌతికశాస్త్రవేత్తల పద్ధతికి అప్పటికి గణితపరమైన రుజువు లేదు. అయినా జులై నెలాఖరుకు తప్పు బయటపడింది ప్రోగ్రామ్‌లోనే. సరిచేసి నడిపితే వచ్చింది కాండెలాస్ బృందం చెప్పిన సంఖ్యే!

ఆల్జీబ్రాయిక్ జామెట్రీలో పరిశోధన చేయాలనుకునే ఎమ్మెస్సీ విద్యార్థి ఈ ఉదంతాన్ని మొదటే తెలుసుకోవాలి. సాఫ్ట్‌వేర్ కమాండ్లు నెల రోజుల్లో వచ్చేస్తాయి. వచ్చిన జవాబును మరో దారిలో సరిచూసుకునే అలవాటే పరిశోధకుడిని నిలబెడుతుంది.

చిన్న ఉదాహరణ చూద్దాం. ఎ, బి, సి, డి అనే నాలుగు చరరాశులతో ఎ×సి = బి×బి, ఎ×డి = బి×సి, బి×డి = సి×సి అని మూడు సమీకరణాలు రాస్తే ట్విస్టెడ్ క్యూబిక్ అనే వక్రం వస్తుంది. మూడోది తీసేస్తే? మెకాలే2 అనే సాఫ్ట్‌వేర్‌లో మిగతా రెండూ ఇచ్చి ‘డీకంపోజ్’ అంటే రెండు ముక్కలు చూపిస్తుంది: పాత వక్రం, దానికి తోడు ఒక సరళరేఖ. ఇక కాగితం తీయాలి. ఎ, బి రెండూ సున్నా అయితే రెండు సమీకరణాలూ నిజమే కదా, ఆ రేఖ అదే. రెండో డిగ్రీవి రెండు కలిస్తే మొత్తం డిగ్రీ నాలుగు కావాలి. వక్రానికి మూడు, రేఖకు ఒకటి. లెక్క సరిపోయింది.

‘డీకంపోజ్’ వెనక పనిచేసేది గ్రోబ్నర్ బేసిస్ అనే పద్ధతి. బ్రూనో బుక్‌బెర్గర్ 1965లో తన పీహెచ్‌డీలో ఈ పద్ధతి కనిపెట్టి, గైడ్ పేరు పెట్టాడు. చరరాశులు పెరిగితే ఈ లెక్క విపరీతంగా ఉబ్బిపోయి కంప్యూటర్ మెమరీ చాలదు. అందుకే అనుభవజ్ఞులు భిన్నాలతో కుస్తీ పట్టకుండా, ముందు 32003 లాంటి ప్రధాన సంఖ్య మాడ్యులోలో ప్రయోగం చేసి చూస్తారు.

మెకాలే2, సింగులర్, సేజ్‌మ్యాత్ ఉచితం. సిడ్నీ యూనివర్సిటీ రూపొందించిన మాగ్మాకు లైసెన్స్ కావాలి. మెకాలే2 బ్రౌజర్‌లోనే నడుస్తుంది కాబట్టి ఇన్‌స్టలేషన్ బెడద లేదు.

డిగ్రీ తర్వాత ఐఐటీల్లో ఎమ్మెస్సీకి జామ్ రాయాలి. చెన్నై మ్యాథమెటికల్ ఇన్‌స్టిట్యూట్‌కు వేరే ప్రవేశ పరీక్ష ఉంది. పీహెచ్‌డీ ఫెలోషిప్‌కు సీఎస్ఐఆర్ నెట్, ఎన్‌బీహెచ్‌ఎం దారులు. హైదరాబాద్ విద్యార్థులకు సెంట్రల్ యూనివర్సిటీ, ఐఐటీ గణిత విభాగాలు దగ్గర్లోనే ఉన్నాయి. అయితే ఏ దారిలో వెళ్లినా ఈ పరిశోధనకు కమ్యుటేటివ్ ఆల్జీబ్రా పునాది గట్టిగా ఉండాలి. దాన్ని వదిలేసి సాఫ్ట్‌వేర్‌తో మొదలుపెట్టడం మంచిది కాదు.

చదువు తర్వాత బోధన వద్దనుకునేవారికి క్రిప్టోగ్రఫీ ఉంది. ఫ్రాన్స్‌కు చెందిన ఫోజేర్, జూ 2003లో హెచ్‌ఎఫ్‌ఈ అనే ఎన్‌క్రిప్షన్ పద్ధతి మీద ఇచ్చిన 80 చరరాశుల సవాలును గ్రోబ్నర్ బేసిస్‌తోనే ఛేదించారు. సైఫర్ ఎంత గట్టిదో పరీక్షించేవారికి ఈ విద్య నేరుగా పనికొస్తుంది.

మెకాలే2, సింగులర్ వంటి వాటికి రాసిన ప్యాకేజీలను నిపుణుల సమీక్షతో ప్రచురించే పత్రిక కూడా ఉంది: జర్నల్ ఆఫ్ సాఫ్ట్‌వేర్ ఫర్ ఆల్జీబ్రా అండ్ జామెట్రీ. కోడ్, దాని వివరణ అక్కడ ఆమోదం పొందితే అది రెజ్యూమెలో పరిశోధన పత్రంగానే చేరుతుంది.