ఈ నెల పుస్తకం: సూపర్‌మ్యాన్ స్మాషెస్ ది క్లాన్



పిల్లల చేతిలో కామిక్ కనబడగానే "ముందు టెక్స్ట్‌బుక్ తియ్యి" అంటాం. ఈ పుస్తకాన్ని మాత్రం లాక్కోకండి. రచన జీన్ లుయెన్ యాంగ్, బొమ్మలు గురిహిరు. కథాకాలం 1946. మెట్రోపాలిస్‌లోని చైనాటౌన్ నుంచి నగరం నడిబొడ్డుకు కొత్తగా మారిన చైనీస్ కుటుంబాన్ని తెల్లజాతి దురహంకారుల ముఠా 'క్లాన్' బెదిరిస్తుంది. ఆ ఇంటి అమ్మాయి రోబర్టాకు కొత్త చోటంటే బెరుకు. జనం భయపడతారని సూపర్‌మ్యాన్ తన శక్తుల్ని సగం దాచుకుంటాడు. ఇద్దరి బెంగా ఒకటే: వీళ్లు నన్ను కలుపుకుంటారా?

సంభాషణలు చిన్నవి. తెలియని ఇంగ్లిష్ మాటను చాలాచోట్ల బొమ్మే విప్పి చెబుతుంది. శిలువ తగలబెట్టే ఘట్టం ఉంది కాబట్టి 7వ తరగతి నుంచి ఇవ్వండి.

చదివాక పరీక్ష పెట్టకండి. "మీ క్లాసులో కొత్తగా చేరినవాళ్లతో ఎవరు మాట్లాడుతున్నారు?" అని తెలుగులోనే అడగండి. జవాబు పూర్తిగా వినండి.