పుంజు తోకకు పెట్టను అడగండి

ప్రశ్న: అయ్యా, మాది పోదనూరు. చిలకముక్కు, పొడవు తోక ఉన్న కోళ్లను ప్రదర్శన కోసం పెంచుతున్నాను. ఈసారి పన్నెండు పిల్లల్లో మూడింటికి రంపం పళ్లలాంటి తురాయి వచ్చింది. పుంజును మార్చేయమంటారా?

జవాబు: తొందరపడకండి. మీ వైపు తమిళంలో కిళిమూక్కు విసిరివాల్ అనే ఈ అసీల్ కోడికి తురాయి చిన్నగా, మూడు వరసల బుడిపెలతో తలకు అంటుకుని ఉండాలి. రంపం తురాయి పిల్ల పుట్టిందంటే ఆ లక్షణం తల్లిలోనూ తండ్రిలోనూ దాగి ఉన్నట్టే. నాలుగింటికి ఒకటి చొప్పున రావడం సహజం. తప్పు పుంజు ఒక్కదానిదే కాదు.

కొత్త పుంజును కొనేముందు దాన్ని రంపం తురాయి నాటు పెట్టతో ఒకసారి కలపండి. దోషం దాగి ఉంటే పిల్లల్లో దాదాపు సగానికి బయటపడుతుంది. పది పిల్లల్లో ఒక్కదానికీ రాకపోతే ఆ పుంజును నమ్మవచ్చు. ఆ పిల్లలను మాత్రం జాతిలో కలపకండి.

ఇక తోక. చాలామంది పుంజు తోకకే మురిసిపోయి పెట్టను పట్టించుకోరు. నాకు బాధ కలిగించే పొరపాటు ఇదే. తోకపొడవు గుణాన్ని పెట్ట కూడా ఇస్తుంది, కానీ తన ఒంటి మీద చూపించదు. అందుకే దాని అన్నదమ్ముల తోకలు చూసి పెట్టను ఎంచుకోండి. ఈక రాల్చే కాలంలో ఏ పుంజునీ అంచనా వేయవద్దు. వంపు ఈకలు పూర్తిగా దిగాక చూడండి. కోడి కూర్చునే దండెం ఎత్తుగా కట్టండి, తోక నేలకు రాసుకుంటే ఈక కొసలు చీలిపోతాయి.