వర్క్‌షాప్ యంత్రాల రోడ్డు రవాణా: తాళ్ల సంఖ్య కన్న ఘర్షణ ముఖ్యం

యంత్ర పరికరాల అద్దె కేంద్రాలకు అనుబంధంగా మరమ్మతు షెడ్డు నెలకొల్పదలచినప్పుడు లేత్, పిల్లర్ డ్రిల్లింగ్ యంత్రం, పవర్ హాక్సా వంటివి పట్టణం నుండి తరలించవలసి వస్తుంది. యంత్రం ఎంపికపై చూపే శ్రద్ధలో పదో వంతు కూడా దాని ప్రయాణంపై సాధారణంగా కనిపించదు. కొబ్బరి తాళ్లతో నాలుగు చుట్లు చుట్టి, చక్రాల కింద పెట్టినట్టు రెండు ఇటుకలు ఆనించి, పట్టుకొనేందుకు ఇద్దరు కూలీలను వెనుక ఎక్కించడం మన ప్రాంతంలో వాడుక. ఆ ఇద్దరి ప్రాణాలే ఇక్కడ అన్నిటికన్న ముందు ఆలోచించవలసిన విషయం. ఒక టన్ను ఇనుము కదిలితే మనిషి చేయి దానిని ఆపలేదు.

1,000 కిలోల లేత్‌ను రాజమహేంద్రవరం నుండి మారేడుమిల్లి ఘాట్ మీదుగా చింతూరుకు చేర్చవలసి ఉన్నదనుకుందాం. బరువైన వస్తువు తనంత తానే కదలదనే నమ్మకమే మొదటి పొరపాటు. డ్రైవరు బ్రేకు నొక్కినప్పుడు లారీ ఆగుతుంది గాని, జడత్వం వల్ల లేత్ ముందుకే సాగుతుంది. ఐరోపా ప్రమాణం ఈఎన్ 12195-1 ప్రకారం, రోడ్డు రవాణాలో ముందు దిశకు సరుకు బరువులో 0.8 వంతు, పక్కలకు, వెనుకకు 0.5 వంతు బలాన్ని తట్టుకొనేలా సరుకును బిగించాలి. అంటే ఈ లేత్‌కు ముందు వైపు 800 కిలోల బలం కావాలి.

ఇనుప పాదానికీ కర్ర పలకకూ మధ్య ఘర్షణ గుణకం సుమారు 0.3 అనుకుంటే ఘర్షణ 300 కిలోల వరకే ఆపుతుంది. పలకపై నూనె చింది ఉంటే అదీ ఉండదు. మిగిలిన 500 కిలోలను బిగింపు సమకూర్చాలి. పైనుండి వేసిన రాచెట్ పట్టీ యంత్రాన్ని నేలకు అదిమి ఘర్షణను పెంచుతుంది, అంతే. చేతితో బిగిస్తే పట్టీలో సుమారు 300 కిలోల బిగువు వస్తుందని, పట్టీ రెండు వైపులా నిట్టనిలువుగా దిగుతుందని భావిస్తే, ఒక్కొక్క పట్టీ ఇచ్చేది 2 × 300 × 0.3, అంటే 180 కిలోలు. కాబట్టి మూడు పట్టీలు చాలు. కానీ పట్టీ నేలతో 30 డిగ్రీల కోణంలో వాలితే ఫలితం సగమై 90 కిలోలకు పడిపోతుంది. అప్పుడు ఆరు కావాలి. పట్టీ చీటీపై ముద్రించిన తెగే బలం ఎంత పెద్దదైనా ఈ పద్ధతిలో లెక్కకు రాదు, బిగువు మాత్రమే లెక్క.

ఇప్పుడు లేత్ పాదాల కింద రబ్బరు చాప పరచి చూడండి. గుణకం 0.6 అవుతుంది. ఘర్షణే 600 కిలోలు ఆపుతుంది, మిగిలేది 200. నిలువు పట్టీ ఒక్కటే 360 కిలోలు ఇస్తుంది. అయినా రెండుకు తగ్గకూడదు: ఒకటి తెగవచ్చు, గుంతల్లో యంత్రం ఎగిరినప్పుడు ఘర్షణ క్షణకాలం లోపిస్తుంది, రాచెట్‌కు ఎదుటి వైపు బిగువు కొంత తగ్గుతుంది. ఆరు పట్టీల పనిని పాత రబ్బరు ముక్కలు ఇంతగా తగ్గించగలవన్నది విస్తరణ కార్యకర్తలు రైతు సంఘాలకు ప్రదర్శించి చూపదగిన విషయం.

జారడం కన్న పడిపోవడం మరింత ప్రమాదకరం. పిల్లర్ డ్రిల్ మోటారు, తల పైభాగంలో ఉంటాయి. గురుత్వ కేంద్రం 1 మీటరు ఎత్తున ఉండి, పాదం అంచు మధ్య నుండి 0.3 మీటర్ల దూరంలోనే ఉంటే, ఘాట్ మలుపులో 0.5 వంతు పక్క బలానికి అది దొర్లుతుంది. పాదాన్ని 1.2 మీటర్ల వెడల్పు గల దుంగలకు బోల్టులతో బిగిస్తే అంచు 0.6 మీటర్లకు జరిగి నిలుస్తుంది. వీలైతే తలను, బల్లను కిందికి దించి బిగించడం, లేదా యంత్రాన్ని పడుకోబెట్టి తరలించడం మేలు. లేత్‌లో బరువు హెడ్‌స్టాక్ వైపే ఎక్కువ. క్యారేజీని, టెయిల్‌స్టాక్‌ను అవతలి చివరకు జరిపి బిగిస్తే ఎత్తేటప్పుడు సమతూకం వస్తుంది. పట్టీలను లీడ్ స్క్రూ, ఫీడ్ రాడ్, చేతి చక్రాల మీదుగా ఎన్నడూ వేయరాదు. పోత ఇనుప బెడ్‌కే వేసి, అంచుల వద్ద మందపు గోనె గుడ్డ పెట్టాలి. పోత ఇనుము వంగదు, పగులుతుంది. పాదాలన్నీ సమానంగా ఆనకుండా గట్టిగా బిగిస్తే నష్టం మనమే తెచ్చుకున్నట్టవుతుంది. ఇటుకలకు బదులు పలకకు మేకులు కొట్టిన కర్ర దిమ్మెలు వాడాలి. ఇటుక నలిగిపోతుంది.

రెండు చక్రాల ట్రాక్టరు ట్రక్కులో యంత్రాన్ని ఇరుసుకు కొద్దిగా ముందుకు పెట్టాలి. వెనుకకు పెడితే డ్రాబార్ పైకి లేచి, ట్రాక్టరు వెనుక చక్రాల పట్టు సడలుతుంది. లారీలోనైతే యంత్రం క్యాబిన్ వైపు గోడకు ఆని ఉండడం మంచిది. యంత్ర భాగం వాహనం అంచులు దాటి పొడుచుకొని వస్తే మోటారు వాహనాల చట్టంలోని 194(1ఎ) సెక్షన్ కింద రూ. 20,000 జరిమానా ఉంది, దించే ఖర్చు అదనం.

బయలుదేరిన 10 నుండి 20 కిలోమీటర్లలో తప్పక ఒకసారి ఆగాలి. దుంగలు సర్దుకొని పట్టీలు వదులవుతాయి. ఘాట్ ఎక్కే ముందు మరోసారి బిగించాలి. దింపే చోట వాలు లేకుండా చూసి, యంత్రం క్రేను కొక్కేనికి గాని, చైన్ పుల్లీ బ్లాకుకు గాని వేలాడి బిగువు పట్టిన తరువాతనే చివరి పట్టీని విప్పాలి.