జ్వరము తగ్గిన పిమ్మట

జ్వరము తగ్గినంతనే వ్యాధి తీరినదని చెప్పరాదు. మన యిండ్లలో జ్వరము విడిచిన బిడ్డకు వెంటనే పిండివంటలు పెట్టరు. కొన్నినాళ్లు పథ్యము పెట్టి, బలము కూడిన తరువాతనే ఆటలకు పోనిత్తురు. కరోనా వ్యాధి విషయమున ఈ యోర్పు మరింత అవసరము.

2020 వ సంవత్సరమున కరోనా ప్రపంచమంతట వ్యాపించెను. పెద్దలకంటె పిల్లలకది తేలికగా వచ్చిపోవుచుండెను. అందుచే పిల్లలకు భయము లేదని పలువురు తలంచిరి. కాని ఆ యేడు ఏప్రిల్ నెలలో బ్రిటనునందలి వైద్యులు ఒక వింతను గమనించిరి. కొందరు పిల్లలు తీవ్రజ్వరము, కడుపునొప్పి, దద్దురులు, ఎఱ్ఱబారిన కన్నులు గలవారై ఆసుపత్రులకు వచ్చిరి. కొందరికి గుండెయు బలహీనపడెను. 1967 లో జపానుదేశపు వైద్యుడు కవాసాకి వర్ణించిన వ్యాధిని ఇది కొంత పోలియుండెను. కరోనా సోకిన రెండు మొదలు ఆరు వారములకు ఇది పొడసూపుచుండెను. శరీరమును కాపాడవలసిన రోగనిరోధకశక్తి అదుపు తప్పి, అవయవములకే వాపు కలిగించుటవలన ఇది సంభవించును. ఇది మిక్కిలి అరుదు. సకాలమున చికిత్స జరిగినచో పెక్కుమంది కోలుకొందురు.

మరియొక బాధ మెల్లగా పీడించునది. దానిని లాంగ్ కోవిడ్ అందురు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023 లో, పిల్లల విషయమున దానికి హద్దులు ఏర్పరచెను. కరోనా సోకిన మూడు నెలలలోపల మొదలై, రెండు నెలలకు తక్కువ గాక నిలుచు బాధలు ఈ కోవకు చెందును. అలసట, వాసన తెలియకుండుట, ఆందోళన వీనిలో ముఖ్యములు. 2024 లో అమెరికాలో వెలువడిన పరిశోధనయందు వయస్సును బట్టి భేదము కనబడెను. ఆరు మొదలు పదునొకండేండ్ల పిల్లలకు మరపు, నిద్రలేమి, కడుపునొప్పి హెచ్చు. అంతకు పెద్దవారికి అలసట, ఒడలినొప్పులు, రుచి వాసనల లోపము హెచ్చు.

అట్టి బాలుడు చూపునకు ఆరోగ్యవంతునివలెనే యుండును. పరీక్షలలో దోషమేదియు కనబడకపోవచ్చును. కాని మెట్లెక్కినంతనే డస్సిపోవును; ఒకనాడు ఉత్సాహముతో ఆడి, మరునాడు పడక విడువజాలడు. తోడివారు వానిని సోమరి యందురు. ఈ నింద రోగముకంటెను ఎక్కువగా నొప్పించును.

ఈ బాధను ఒక్కసారిగా పోగొట్టు మందు లేదు. కొలదిసొమ్ము గలవాడు దానిని పొదుపుగా వాడుకొనునట్లు, రోగి తన శక్తిని పనికిని విశ్రాంతికిని పంచుకొనవలెను. పాఠములను, ఆటలను క్రమక్రమముగా పెంచుకొనవలెను. రొమ్ములో నొప్పి, ఆయాసము, సొమ్మసిల్లుట కనబడినచో వెంటనే వైద్యునికి చూపవలెను. పెక్కుమంది పిల్లలు నెలలు గడచుకొలది స్వస్థులగుదురు.

బాలలారా! మీ తరగతిలో అట్టి మిత్రుడున్నచో వాని మాట నమ్ముడు. వాడు బడికి రాని దినముల పాఠములను వ్రాసి యిండు. వానితో నడచునపుడు మీ యడుగు కొంచెము తగ్గింపుడు. మందు చేయలేని మేలును మైత్రి చేయగలదు.

ప్రశ్నలు

1. జ్వరము తగ్గినను వ్యాధి తీరినదని ఏల చెప్పరాదు?
2. లాంగ్ కోవిడ్ అననేమి? దాని లక్షణములను వ్రాయుము.
3. అట్టి వ్యాధితో బాధపడు సహపాఠికి నీవెట్లు తోడ్పడుదువు?