ఫౌండేషన్ సిరీస్: మీ పిల్లలు ఏ పుస్తకంతో మొదలుపెట్టాలి?



తొమ్మిదో తరగతి చదివే బాబో పాపో వచ్చి "నాన్నా, ఫౌండేషన్ బుక్స్ కావాలి" అంటే మనకు ముందు గుర్తొచ్చేది ఐఐటీ ఫౌండేషన్ మెటీరియలే. స్కూల్లో ఇచ్చారు కదా, మళ్ళీ ఎందుకు అని అడిగేస్తాం. ఈ నెల మేం చెప్పబోయేది ఆ ఫౌండేషన్ గురించి కాదు, ఐజాక్ అసిమోవ్ అనే అమెరికన్ రచయిత రాసిన సైన్స్ ఫిక్షన్ నవలల గురించి. పాఠ్యపుస్తకం కాని ఇంగ్లిష్ పుస్తకాన్ని, అందులోనూ పెద్ద పుస్తకాన్ని, పిల్లలు తమంతట తాము అడగడం అరుదు. టెన్త్ బోర్డు పరీక్షలు, ఆ తర్వాత ఇంటర్మీడియట్ మొదలైతే మళ్ళీ అడుగుతారన్న నమ్మకం లేదు. అందుకే మొదటి పుస్తకం సరైనది కొనివ్వడం ముఖ్యం.

ఇక్కడే చిక్కు ఉంది. రోబోల కథలు, గెలాక్సీ సామ్రాజ్యం నవలలు, ఫౌండేషన్ నవలలు అన్నీ కలిపితే పదిహేను పుస్తకాలు. వీటిని రెండు వరుసల్లో చదవొచ్చు. ఒకటి రచయిత రాసిన వరుస, రెండోది కథలో కాలం నడిచిన వరుస. రెండో వరుస ప్రకారం ఫౌండేషన్ నవలల్లో ముందు వచ్చేది 'ప్రెల్యూడ్ టు ఫౌండేషన్'. పేరులోనే 'ప్రెల్యూడ్' ఉండడంతో షాపులో చెయ్యి దాని మీదికే పోతుంది. దాన్ని ముందు కొనకండి అన్నది మా సలహా.

కారణం అర్థం కావాలంటే ఇవి ఎలా పుట్టాయో తెలియాలి. రోమన్ సామ్రాజ్య పతనం మీద ఎడ్వర్డ్ గిబ్బన్ రాసిన చరిత్ర అసిమోవ్‌కు బాగా పట్టింది. అలాంటి పతనం మొత్తం గెలాక్సీకి వస్తే ఎలా ఉంటుందన్న ఊహతో 1942లో, ఇరవై రెండేళ్ళ వయసులో, ఒక పత్రికలో కథలు మొదలుపెట్టారు. అవే 1951, 1952, 1953లలో మూడు పుస్తకాలయ్యాయి. అక్కడితో ఆపేశారు. ఆయన రోబో కథలు అప్పటికి పూర్తిగా వేరే లోకం, ఫౌండేషన్‌లో రోబోల ఊసే లేదు. దాదాపు ముప్పై ఏళ్ళ తర్వాత, పాఠకులూ ప్రచురణకర్తలూ వదలకపోవడంతో, 1982లో నాలుగో నవల రాశారు. ఆ తర్వాత వచ్చిన నవలల్లో రెండు లోకాలనూ ఒకే చరిత్రగా కలిపారు. 'ప్రెల్యూడ్' వచ్చింది 1988లో. దానికి కొనసాగింపు 'ఫార్వర్డ్ ది ఫౌండేషన్' 1993లో, ఆయన చనిపోయిన మరుసటి ఏడాది, వెలువడింది.

'ప్రెల్యూడ్' ముందుమాటలో అసిమోవే అప్పటిదాకా రాసిన పద్నాలుగు పుస్తకాలను కథ కాలం ప్రకారం పేర్చి చూపించారు, ఇలా చదివితే మంచిదేమో అన్నట్టు. రచయిత మాటను కాదనడం కొంచెం సాహసమే. అయినా మొదటిసారి చదివే పిల్లలకు అది పనికిరాదని మా అభిప్రాయం. మూడో పుస్తకం 'సెకండ్ ఫౌండేషన్' అంతా ఒక్క ప్రశ్న మీద నడుస్తుంది: ఆ రెండో ఫౌండేషన్ ఎక్కడుంది? పూర్వకథలు ముందే చదివిన పిల్లవాడికి జవాబు తెలిసిపోతుంది. ఇక పేజీ తిప్పాల్సిన పనేముంది?

2015 జూలై నుంచి 2017 ఏప్రిల్ దాకా కట్టప్ప బాహుబలిని ఎందుకు చంపాడని మనమంతా అడుగుతూ తిరిగిన రోజులు గుర్తుచేసుకోండి. రాజమౌళి కథను కాలక్రమంలో, తండ్రి బాహుబలి పుట్టుక నుంచి చెప్పుకొచ్చి ఉంటే ఆ ప్రశ్నే ఉండేది కాదు.

కాలం వరుస ఎప్పుడూ తప్పే అనడం లేదు. మన ఆంధ్ర మహాభారతమే చూడండి. పదకొండో శతాబ్దంలో నన్నయ ఆది, సభా పర్వాలూ అరణ్యపర్వంలో కొంతా రాశారు. పదమూడో శతాబ్దంలో తిక్కన మిగిలిన అరణ్యపర్వాన్ని వదిలి విరాటపర్వం నుంచి చివరిదాకా పూర్తి చేశారు. ఆ వదిలిన భాగాన్ని పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన పూరించారు. మనం మాత్రం నన్నయ, ఎర్రన, తిక్కన అన్న కథ వరుసలోనే చదువుకుంటాం, ఇబ్బందేమీ లేదు. ఎందుకంటే పాండవుల కథ వినేవాళ్ళందరికీ ముందే తెలుసు, దాచిపెట్టిన రహస్యం లేదు. అసిమోవ్ కథ అలాంటిది కాదు.

మరి దేనితో మొదలుపెట్టాలి? ఏడు, ఎనిమిది తరగతుల వాళ్ళకు 'ఐ, రోబాట్'. 1950లో వచ్చిన ఈ పుస్తకంలో తొమ్మిది కథలు, దేనికదే విడిగా చదువుకోవచ్చు. రాత్రికొక కథ సరిపోతుంది. అది నచ్చితే 'ది కేవ్స్ ఆఫ్ స్టీల్'. ఒక హత్య, ఒక డిటెక్టివ్, అతనికి తోడుగా ఒక రోబో. ఈ పదిహేనింటిలో పిల్లలు ఆపకుండా చదివేది ఇదేనేమో.

తొమ్మిదో తరగతికి వచ్చాక 'ఫౌండేషన్'. ఇక్కడ మీరు ఒక మాట ముందే చెప్పి ఉంచాలి. ఈ నవలలో ఐదు భాగాలు, ఒక్కో భాగానికి మధ్య ఏళ్ళకు ఏళ్ళు గడిచిపోతాయి. మొదటి భాగంలోని హరి సెల్డన్ మీద ఇష్టం పెంచుకునేలోపే రెండో భాగం యాభై ఏళ్ళ తర్వాత మొదలవుతుంది. "అమ్మా, హీరో ఏడి?" అని పిల్లలు పుస్తకం మూసేసేది అక్కడే. ఇందులో హీరో మనిషి కాదు, ఒక ప్రణాళిక అని ముందుగా తెలిస్తే నిలబడతారు.

ఆ ప్రణాళిక వెనకున్న ఆలోచన సైన్స్ పాఠానికి దగ్గరిది. ఒక్క వాయు అణువు ఎటు పోతుందో చెప్పలేం. కానీ కోట్లాది అణువులున్న వాయువు పీడనాన్ని లెక్కగట్టగలం. మనుషుల గుంపుకూ ఇదే వర్తిస్తే భవిష్యత్తును లెక్కగట్టవచ్చు కదా అంటాడు సెల్డన్. ఇది నిజంగా సాధ్యమా, కాకపోతే ఎందుకు కాదు అని భోజనాల దగ్గర అడిగి చూడండి. అసిమోవ్ కెమిస్ట్రీలో పీహెచ్‌డీ చేసి బోస్టన్ విశ్వవిద్యాలయంలో బయోకెమిస్ట్రీ బోధించినవారు, ఊరికే వేసిన పోలిక కాదు.

'ఫౌండేషన్', 'ఫౌండేషన్ అండ్ ఎంపైర్', 'సెకండ్ ఫౌండేషన్' మూడూ ఇదే వరుసలో అయిపోతే చాలు, స్కూలు వయసుకు అంతే పుష్కలం. 1980లలో రాసినవి తర్వాత చూసుకోవచ్చు. వాటిలో ముఖ్యంగా 'ది రోబాట్స్ ఆఫ్ డాన్'లో స్త్రీపురుష సంబంధాల గురించి పెద్దల స్థాయి చర్చ ఉంది. ఇంటర్ దాటాక ఇవ్వండి, లేదా మీరు ముందు చదవండి. సామ్రాజ్యం నవలలు మూడూ చదవకపోయినా కథకు లోటు లేదు. 'ప్రెల్యూడ్', 'ఫార్వర్డ్' రెండూ అన్నిటికన్నా చివర.

కొందరు పిల్లలు 'డ్యూన్' అడుగుతున్నారు. దానికి ఈ తలనొప్పి లేదు. ఫ్రాంక్ హెర్బర్ట్ 1965 నుంచి 1985 వరకు రాసిన ఆరింటిలో రాసిన వరుసే కథ వరుస. ఆయన కొడుకు మరొకరితో కలిసి తర్వాత రాసిన పూర్వకథలను పక్కన పెట్టండి. మొదటి పుస్తకమే బాగా లావు, టెన్త్ సెలవులకు సరిపోతుంది.

కొనేటప్పుడు సెట్ మొత్తం ఒకేసారి తీసుకోవద్దు. ఒకటి పూర్తయ్యాకే రెండోది. సూర్యాపేట, మిర్యాలగూడ వాళ్ళు హైదరాబాద్ పని మీద వెళ్తే ఆదివారం అబిడ్స్ ఫుట్‌పాత్ మీద పాత ప్రతులు వెతకొచ్చు. కోదాడ వాళ్ళకు జనవరిలో జరిగే విజయవాడ పుస్తక మహోత్సవం దగ్గర. అట్ట మీద వేసిన నంబరును నమ్మకండి. లోపల కాపీరైట్ పేజీలో మొదటి ప్రచురణ ఏడాది ఉంటుంది. అది 1950లదైతే తీసుకోండి, 1980లదైతే ఇప్పటికి షెల్ఫ్‌లోనే ఉండనివ్వండి.