గుండె చికిత్స తరువాత గృహ వ్యాయామం

పహాడీ షరీఫ్ గుట్టపై ఉన్న హజ్రత్ బాబా షర్ఫుద్దీన్ దర్గాకు మెట్లెక్కి వెళ్లడం ఈ ప్రాంతంలో మతభేదం లేని అలవాటు. ఆ గుట్ట దిగువన నివసించే అరవై ఎనిమిదేళ్ల విశ్రాంత ఉపాధ్యాయుడొకరు బైపాస్ శస్త్రచికిత్స జరిగిన ఆరు వారాలకు నన్ను ఇంటికి పిలిపించారు. మంచం దిగడం లేదు. ఆకలి లేదు, నిద్ర లేదు.

"నడిస్తే కుట్లు తెగుతాయేమోనని భయం, వైద్యులవారూ!" అన్నారు. ఆయన ఇల్లాలు మంచినీళ్ల గ్లాసు కూడా ఎత్తనివ్వడం లేదు.

అప్పుడు నేనొక పొరపాటు చేశాను. "మరికొంత కాలం విశ్రమించండి, మాస్టారూ" అన్నాను. మూడు వారాల తరువాత చూస్తే కాళ్ల కండలు కరిగి, స్నానాల గది వరకు నడిచినా ఆయాసపడుతున్నారు. ఆయనను బలహీనపరచినది రోగం కాదు, అతి విశ్రాంతి.

పూర్వం పాశ్చాత్య వైద్యులూ గుండెపోటు రోగులను వారాల తరబడి పడుకోబెట్టేవారు. 1952లో అమెరికా వైద్యులు శామ్యూల్ లెవీన్, బెర్నార్డ్ లౌన్ అటువంటి రోగులను తొలి రోజులలోనే కుర్చీలో కూర్చోబెట్టవచ్చునని చాటారు. నేడు తగిన వ్యాయామం చికిత్సలో భాగమే.

బలార్ధం అంటే ఏమిటి?

శక్తిలో సగం మేరకే వ్యాయామం చేయాలని సుశ్రుత సంహిత, అష్టాంగ హృదయం బోధిస్తున్నాయి. దీనినే బలార్ధం అంటారు. నుదుట చెమట పట్టడం, నోరు ఎండడం దాని చిహ్నాలు. ఇది బలవంతులకు చెప్పిన హద్దు. కోలుకొంటున్నవారు దానికి ఇవతలే ఆగాలి. నడుస్తూ తడబడకుండా మాట్లాడగలిగితే ఆ వేగం సరియైనది. మాట మధ్యలో తెగితే వేగం తగ్గించాలి. నాడివేగాన్ని తగ్గించే మాత్రలు వాడేవారు నాడి లెక్కను మాత్రమే నమ్మరాదు.

ఆచరణ క్రమం

మీ హృద్రోగ నిపుణుని అనుమతి పొందిన తరువాతనే ఆరంభించండి.

1. కుర్చీలో కూర్చొని మడమలను, మునివేళ్లను పదేసి సార్లు ఎత్తండి. మోకాళ్లను ఒక్కొక్కటిగా చాపండి.
2. ఇంటిలోనే 5 నిమిషాల చొప్పున రోజుకు మూడు పూటలు నడవండి. అలసట లేకుంటే వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుతూ 30 నిమిషాలకు చేరండి.
3. చేతులు ఆన్చకుండా కుర్చీ నుండి ఐదు సార్లు లేచి కూర్చోండి. పక్కన ఒకరు తోడుండాలి.
4. ఆరంభంలోను, ముగింపులోను మెల్లగా నడవండి. భోజనమైన గంటన్నర వరకు వ్యాయామం వద్దు.

శ్రీశైలం రహదారి అంచున లారీల మధ్య నడవడం కంటె డాబాపై, వరండాలో నడవడం మేలు. వేసవిలో ఎండ ఎక్కక ముందే ముగించండి.

కూడనివి

రొమ్ము ఎముకను తెరచి శస్త్రచికిత్స చేసినవారు ఆ ఎముక అతుక్కొనే వరకు, అంటే సుమారు 8 నుండి 12 వారాలు, నీళ్ల బిందెను, గ్యాసు బండను, మనుమలను ఎత్తరాదు. మణికట్టు ద్వారా స్టెంటు వేయించుకొన్నవారు కొన్ని రోజులు ఆ చేతితో బరువులు ఎత్తరాదు. ఊపిరి బిగపట్టే కుంభకం, శీర్షాసనం తగవు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చిన మాత్రలను సొంతంగా మానరాదు. తెల్లమద్ది కషాయమైనా సరే, మీ వైద్యునికి చెప్పకుండా వాడరాదు.

ఛాతీ నొప్పి, చల్లని చెమట, తల తిరగడం, విశ్రమించినా తగ్గని ఆయాసం కలిగితే వెంటనే 108కి ఫోను చేయండి. పాదాలు వాచినా, గాయం నుండి రసి కారినా ఆలస్యం చేయక వైద్యునికి చూపించండి.

మనోబలం

గుండె చికిత్స తరువాత దిగులు కలగడం సామాన్యం. "లేచి నడవండి" అని గద్దిస్తే అది పోదు. మాస్టారిని నేను, "ఎక్కడికి నడవాలని ఉంది?" అని అడిగాను. చేతితో గుట్ట వైపు చూపించారు. ఆనాటి నుండి నడిచిన నిమిషాలను గోడ క్యాలెండరుపై రాయసాగారు. గ్లాసు ఎత్తనివ్వని ఇల్లాలే తోడుగా నడిచారు. నాలుగు నెలల తరువాత నిపుణుడు ట్రెడ్‌మిల్ పరీక్ష చేసి మెట్లెక్కడానికి అనుమతించారు.

తొలినాడు సగం మెట్లెక్కి, కాసేపు కూర్చొని, దిగివచ్చారు. "పైదాకా వెళ్లలేకపోయానండీ" అన్నారు.

"సగమే కదా, మాస్టారూ, శాస్త్రం చెప్పినది!" అన్నాను. చాలా నెలల తరువాత ఆయన నవ్వగా చూశాను.